మూడో ప్లగ్గు

వారానికోసారి తలంటు పోసుకునేవాళ్ళని చూశాం. వారానికోసారి కారుకి ప్లగ్గులు మార్చేవాణ్ణి ఎక్కడైనా చూశారా? ఐనవిల్లి పక్క ఊళ్ళో అలాంటి మహానుభావుడు ఒకరున్నారు. పేరు బుల్లబ్బాయి గారు. ఆయనకి ఆరెకరాల కొబ్బరితోట, రెండు సీట్ల ఎర్ర స్పోర్ట్సు కారు, చేతిలో ఎప్పుడూ ఒక ప్లగ్గు పానా. ఆదివారం పొద్దున్నే ఊళ్ళో సగంమంది చర్చికి బయల్దేరితే, ఆయన అరుగు ముందు బానెట్టు ఎత్తి నాలుగు ప్లగ్గులూ విప్పడానికి కూర్చునేవారు.

ఆ కారు కాకినాడలో ఎవరో ఓడ కెప్టెను అమ్ముకుని పోయినది. నేలకి జానెడెత్తు ఉంటుంది. మన రోడ్డు గోతుల్లోకి దిగిందంటే బుల్లబ్బాయి గారి తలకాయ ఒక్కటే ఊరేగుతున్నట్టు కనిపించేది. పైన గుడ్డ టాపు. తోటలో నిలబెట్టిన మొదటి వారమే ఓ కొబ్బరికాయ ఆ గుడ్డ చించుకుని పక్క సీట్లో పడింది. వేరేవాళ్ళయితే లబోదిబోమనేవారు. ఈయన మాత్రం "మొదటి ప్యాసింజరండి, టిక్కెట్టడక్కూడదు" అని ఊరంతా చెప్పుకుని నవ్వారు.

సరే, కారు నాలుగు రోజులు హాయిగా తిరిగేది. ఐదో రోజు ఎక్కడో నడిబజారులో 'ఢామ్' మనేది. లోపల ఓ ప్లగ్గు ఊడి, ఎగిరి బానెట్టుకి కొట్టుకునేదన్నమాట. కాలవ వంతెన దగ్గర టీ కొట్టు నూకాలమ్మ ఎర్రకారు చప్పుడు వినపడగానే పాలగిన్నె మీద మూత పెట్టేసేది.

"ఏంటండి బుల్లబ్బాయి గారూ, బాంబులెట్టుకు తిరుగుతున్నారేంటండి?"

"బాంబు కాదమ్మా, ప్లగ్గు! సరుకు మంచిది కాదు. ఇంజను మటుకు బంగారం. మన ఇశ్రాయేలు చేసేడు!"

ఇదిగో, సరిగ్గా ఇక్కడే ఇశ్రాయేలుకి ఒళ్ళు మండిపోయేది.

ఇశ్రాయేలు ఆ ఊరి మెకానిక్కు. అతని తండ్రి సీమోను జీవితమంతా తోటల్లో కొబ్బరికాయలు మోశాడు. కొడుకు మాత్రం పని నేర్చుకుని తొంభై నాలుగులో రోడ్డు పక్కన రేకుల షెడ్డు వేశాడు. ఆ షెడ్డులోకి వచ్చిన మొట్టమొదటి బండి ఈ ఎర్రకారే. ఇంజను మొత్తం విప్పి, బాగు చేసి ఇచ్చాడు. అంతే, ఆ తర్వాత ఏడేళ్ళలో ఆ కారు మళ్ళీ షెడ్డు గుమ్మం తొక్కితే ఒట్టు.

"ఢామ్మన్నాక నా పేరెందుకే?" అని ఇంట్లో భార్య సువార్తమ్మ దగ్గర చిందులు తొక్కేవాడు. "జనం ఏమనుకుంటారు?"

"పొగుడుతున్నారు కదండీ."

"అదా పొగడ్త! పెళ్ళిభోజనం తిని వాంతి చేసుకుంటూ వంటవాడు మా ఇశ్రాయేలే అన్నట్టుంది!"

కారు షెడ్డుకి తెమ్మని ఎన్నిసార్లు అడిగాడో లెక్కలేదు. "ఎందుకోయ్, ప్లగ్గులే కదా" అనేవారు బుల్లబ్బాయి గారు. పోనీ తనే దగ్గరికి వెళదామంటే, ఈయన టపామని బానెట్టు మూసి దాని మీద ఎక్కి కూర్చునేవారు. నా చేతిపని మీద ఈయనకి నమ్మకం లేదు, ఊళ్ళో నన్ను వెక్కిరించడానికే ఇదంతా అని ఇశ్రాయేలు మనసులో ముల్లు గుచ్చుకుంది.

బుల్లబ్బాయి గారి ఇల్లాలు కామేశ్వరి గారి బాధ వేరు. "చూడు నాయనా, జన్మలో సిగరెట్టు ముట్టని మనిషి వారానికో పెట్టె కొంటున్నారు. సిగరెట్లేమో టీ కొట్టు దగ్గర పంచేసి, ఖాళీ పెట్టె భద్రంగా ఇంటికి తెచ్చుకుంటారు. నాకేదో భయంగా ఉంది."

"ఆయ్, వారానికోసారి ప్లగ్గులు మార్చే మనిషికి ఇదో లెక్కాండి!" అన్నాడు ఇశ్రాయేలు.

ఇలా ఉండగా రెండువేల ఒకటిలో ఓ శనివారం, రామచంద్రపురంలో బడి నడిపే జగ్గారావు గారు షెడ్డుకి వచ్చారు. ఆయనకి పిల్లల్ని తిప్పే వ్యాన్లు ఆరున్నాయి. వాటి మరమ్మతు మొత్తం ఒక్కడికే అప్పగించాలని చూస్తున్నారు.

"బుల్లబ్బాయి గారు చెప్పేరండి. మీరు చేసిన ఇంజను ఏడేళ్ళయినా బంగారంలా ఉందంట కదా! సోమవారం వచ్చి ఆ కార్లో ఓసారి తిరిగి చూసి, మాట ఖాయం చేసుకుందామండి."

"ఆయ్," అన్నాడు ఇశ్రాయేలు. ఆరు వ్యాన్లంటే మాటలా? రేకుల షెడ్డు పోయి స్లాబు లేస్తుంది. కానీ జగ్గారావు గారు పక్కన కూర్చున్నప్పుడే అది ఢామ్మంటే? పసిపిల్లలెక్కే బండ్లని ఆ తర్వాత తన చేతికి ఎవరిస్తారు? శనివారమంతా అన్నం సయించలేదు.

ఆదివారం ప్రార్థన అవగానే తెల్లచొక్కాతోనే తిన్నగా బుల్లబ్బాయి గారి ఇంటికి వెళ్ళాడు. అలవాటు ప్రకారం ఆయన బానెట్టు మూసి ఎక్కి కూర్చున్నారు.

"లేవండి."

"లేవను."

"అయితే సరేనండి." ఇశ్రాయేలు కూడా పక్కనే ఎక్కి కూర్చున్నాడు.

పదకొండు గంటల ఎండ. ఎర్ర రేకు పెనంలా కాలుతోంది. ఇశ్రాయేలుది చర్చికి వేసుకునే దళసరి ప్యాంటు, బుల్లబ్బాయి గారిది పల్చటి పంచె. ఇద్దరూ వానల గురించి కాసేపు, కొబ్బరి ధర గురించి కాసేపు మర్యాదగా మాట్లాడుకున్నారు. బుల్లబ్బాయి గారు ఇటు జరిగారు, అటు జరిగారు, ఓ పక్కకి ఒరిగారు. కామేశ్వరి గారు మజ్జిగ గ్లాసులతో వచ్చి, ఈ వైభవం చూసి, గ్లాసులు అక్కడే పెట్టి లోపలికి వెళ్ళిపోయారు.

"అబ్బబ్బబ్బా!" అని బుల్లబ్బాయి గారు ఒక్క గెంతు గెంతారు. ఇశ్రాయేలు చటుక్కున దిగి బానెట్టు ఎత్తేశాడు.

బానెట్టుకి లోపలినించి పడిన సొట్టలు బోలెడున్నాయి. అన్నీ ఒక్కచోటే, మూడో ప్లగ్గుకి నెత్తిమీదే. పానా అందుకుని నాలుగు ప్లగ్గులూ విప్పాడు. మూడు శుభ్రంగా ఉన్నాయి. మూడోదాని మరల చుట్టూ మాత్రం సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం, మూడు చుట్లు. కన్నంలో వేలు పెట్టి చూశాడు. మరలన్నీ అరిగి నున్నగా ఉన్నాయి. ప్లగ్గు ఏడేళ్ళుగా ఆ వెండికాగితం మీదే నిలబడుతోంది.

ఇశ్రాయేలుకి అప్పుడు గుర్తొచ్చింది. తొంభై నాలుగు. అప్పటిదాకా తను చేసినవన్నీ ఇనప ఇంజన్లు. వాటి ప్లగ్గులు ఎంత బలంగా బిగిస్తే అంత మంచిదని లెక్క. ప్లగ్గులు దిగే దీని హెడ్డు అల్యూమినియం, మెత్తన. మూడోది బిగిస్తుంటే చేతికింద కొంచెం జారినట్టయింది. 'ఏం కాదులే' అనుకున్నాడు. అయింది. అయినట్టు ఆ రోజే తెలుసు, కానీ తెలియనట్టు ఉండిపోయాడు.

"మీకు తెలుసాండి?" అన్నాడు.

"రెండో రోజే తెలిసిందోయ్, ముక్కామల దాటేక ఎగిరింది."

"మరి నాకు చెప్పలేదేంటండి!"

"చెబుదామనే వచ్చేను. వచ్చేసరికి మీ నాన్న సీమోను షెడ్డు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. దారినపోయేవాళ్ళని ఆపి ఆపి, 'మావోడు ఫారిన్ కారు బాగుచేసేడండి' అని చెబుతున్నాడు. నన్ను చూసి లేచి నిలబడి దండం పెట్టేడు. ఎలా చెప్పమంటావ్? షెడ్డు తెరిచి పదకొండు రోజులు, రేకులకి రంగైనా ఆరలేదు. నేను నోరు విప్పితే నీకు రెండో బండి వచ్చేదా?"

ఇశ్రాయేలు పానా కింద పెట్టాడు. ఆ మొదటి ఏడాది షెడ్డుకి వచ్చినవాళ్ళంతా "బుల్లబ్బాయి గారు పంపేరండి" అనేవారు. ఆ మాట ఇన్నాళ్ళూ తను ఎందుకు పట్టించుకోలేదో! పోయిన తండ్రి కుర్చీలో దర్జాగా కూర్చోవడం కళ్ళముందు కనపడింది. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

"మూడోది పాడైతే నాలుగూ ఎందుకు మార్చేవారండి?"

"ఒక్కటే మారిస్తే ఒక్కచోటే తప్పుందని తెలిసిపోదూ! నాలుగూ మారిస్తే నాకు పిచ్చనుకుంటారు, అంతేగా."

ఇశ్రాయేలు తెల్లచొక్కా చేతులు మడిచాడు. షెడ్డునుంచి సామాను తెచ్చి, ఆ కన్నం కొంచెం వెడల్పు చేసి, కొత్త మరలు కోసి, లోపల చిన్న గొట్టంలాంటి ఇత్తడి బుష్షు బిగించాడు. ఈసారి ప్లగ్గుని పసిపిల్లకి గాజు తొడిగినట్టు బిగించాడు. పొద్దుగూకేసరికి పనయింది, చొక్కా నల్లగా అయింది.

సోమవారం జగ్గారావు గారిని ఎక్కించుకుని ఎర్రకారు బయల్దేరింది. నూకాలమ్మ పాలగిన్నె మీద మూత పెట్టింది. కొట్టు దగ్గర జనం చెవుల్లో వేళ్ళు పెట్టుకున్నారు. వంతెన దగ్గర బుల్లబ్బాయి గారు పాత అలవాటు కొద్దీ తల వంచి స్టీరింగు వెనక దాక్కున్నారు. కారు మాత్రం ఏ చప్పుడూ లేకుండా వంతెన దాటి, మలుపు తిరిగి వెళ్ళిపోయింది.

"ఓరి నాయనో, ఏమైందర్రా దానికి?" అని నూకాలమ్మ కంగారుపడింది.

ఆరు వ్యాన్లూ ఇశ్రాయేలుకే వచ్చాయి. ఆ తర్వాతి ఆదివారం చర్చినుంచి వస్తూ చూస్తే, బుల్లబ్బాయి గారు మళ్ళీ బానెట్టు ఎత్తి, పానా పట్టుకుని కూర్చున్నారు.

"మళ్ళీ ఏమైందండి?"

"ఏమీ అవలేదోయ్. ఏడేళ్ళ అలవాటు, ఆదివారం చెయ్యి ఊరుకోదు. మా కామేశ్వరేమో నేను సిగరెట్లు మానేసేనని గుళ్ళో కొబ్బరికాయ కొట్టింది."

ఇశ్రాయేలు చేతులు మడిచి పక్కన కూర్చున్నాడు. "సరే విప్పండి. మూడోది మటుకు నాకొదిలేయండి."

"ఆయ్," అన్నారు బుల్లబ్బాయి గారు బుద్ధిగా.

నిక్షేపంగా ఉన్న నాలుగు ప్లగ్గులూ ఇద్దరూ కలిసి విప్పి, తుడిచి, మళ్ళీ అవే బిగించారు.