శుక్రవారం మూడింటికి ఈకలాయన

నాకూ, హైమకూ పన్నెండేళ్ళప్పుడు... కువైట్ సాల్మియాలో, మా బిల్డింగ్‌లోని నాలుగు తెలుగు కుటుంబాలకూ కలిపి ఒకటే డిష్. రిసీవర్ హైమ వాళ్ళింట్లో. అక్కడినుంచి మిగతా మూడిళ్ళకు వైర్లు. వాళ్ళు ఏ ఛానల్ పెడితే అందరికీ అదే.

హైమకు ఒక టర్కీ గాయకుడంటే ప్రాణం. పేరు మా నోట పలికేది కాదు... ఈకలాయన అనేవాళ్ళం. ఒక పాటకు ఒంటినిండా ఈకలు. ఇంకో పాటకు నడుముకు గరిటెలు కట్టుకుని, ఆ చప్పుడుతోనే తాళం. మొదట్లో టర్కీ ఛానల్ ఆయన పాటలు రోజుకు మూడుసార్లు వేసేది. తర్వాత ఏదో సభలో జనం ఎగతాళిగా ఈలలు వేసి వేదిక మీంచి దింపేశారు. చాలా నెలలు కనిపించలేదు.

ఒకరోజు మళ్ళీ ఆయన బొమ్మ వేసి, కింద తేదీ, గంట వేశారు. శుక్రవారం, మూడు. సరిగ్గా అప్పుడే మన ఛానల్లో తెలుగు సినిమా. వారానికి ఒక్కటి.

టర్కీ గడియారం కువైట్‌కన్నా గంట వెనక అని హైమకు తెలియదు. మూడింటికే టర్కీ ఛానల్ పెట్టేసింది. నాలుగిళ్ళ టీవీల్లోనూ గొర్రెల పెంపకం కార్యక్రమం మొదలైంది.

సినిమా పెట్టమని చెప్పి రమ్మని నాన్న నన్ను పంపారు. వాళ్ళమ్మా నాన్నా బజారుకెళ్ళారు. హైమ రిసీవర్‌కు అడ్డంగా బాసింపట్టు వేసుకుని ఉంది.

"కూర్చుంటే కూర్చో. లేదంటే పో," అంది.

కూర్చున్నాను.

కాసేపటికి నాన్న, పై అంతస్తు అమలాపురం అంకుల్ వచ్చారు.

"గొర్రెల్ని చూడ్డానికేంటమ్మా డిష్ పెట్టించుకుంది?" అన్నారు అంకుల్.

"ఇవి అయిపోతే ఆయనొస్తారండి."

"ఎవరూ, వీటి కాపరా?"

నాన్న నవ్వలేదు. "యల్లా, పద పద, లెగమ్మా. సినిమా సగం అయిపోతంది."

"లెగనండి. సినిమా మళ్ళీ వారం ఉంటదండి. ఈయనకి మళ్ళీ ఉండదు."

నాన్న నావైపు తిరిగారు. "ఒరేయ్, నువ్వు రా ఇటు."

నేను లేవలేదు. నాన్న మాట కాదనడం అదే మొదలు.

నాలుగింటికి ఈకలాయన వచ్చాడు... ఈకలూ, గరిటెలూ రెండూ కట్టుకుని. జనం దింపేసిన పాటే ఎత్తుకున్నాడు. ఈలలు. ఆపాడు. నిలబడ్డాడు. మళ్ళీ మొదటినుంచి. మళ్ళీ ఈలలు. మూడోసారి చివరిదాకా పాడాడు. చప్పట్లు పెద్దగా లేవు. తలవంచి ఒక దండం పెట్టి వెళ్ళిపోయాడు.

"మొండి ఘటం," అన్నారు అంకుల్. ఆయన ఎప్పుడు కూర్చున్నారో నేను చూడలేదు.

ఆ సాయంత్రమే పెద్దవాళ్ళు రిసీవర్‌ను మా ఇంటికి మార్చేశారు. హైమ ఏడవలేదు. పై శుక్రవారం వచ్చి, టర్కీ ఛానల్ పెట్టమని మా తలుపు కొట్టింది. పదమూడేళ్ళ తర్వాత కోడలిగా వచ్చింది.

హైమ పోయి ఏడాదిన్నర.

ఈకలాయన మళ్ళీ పెద్ద వేదికలెక్కలేదు. హోటళ్ళలో, పెళ్ళిళ్ళలో పాడుకున్నాడు. ఇప్పుడు ముసలివాడు, గొంతు బొంగురు. తన పాటలు తనే ఫోన్లో తీసి నెట్‌లో పెడుతున్నాడు... ఈకలతోనే. కింద అన్నీ వెక్కిరింతలు. భాష రాకపోయినా ఆ నవ్వు బొమ్మలు తెలుస్తాయి. ప్రతి పాట కిందా నేను ఒకటే రాస్తాను. "బాగుంది. మళ్ళీ పాడండి." తెలుగులోనే.

ఆ పాటలు వింటూ కూర్చోవద్దు, మనసు మళ్ళించుకోమని చుట్టాలు చెబుతున్నారు. మళ్ళించుకోను.

ఇప్పుడు ఇంట్లో నేనూ, మా పాపా. ఇద్దరికీ రెండు ఫోన్లు. ఎవరి పాట వాళ్ళ చెవిలో... ఒకరు పట్టుబట్టే పనీ లేదు, ఇంకొకరు పక్కన కూర్చునే పనీ లేదు.

మీ ఇళ్ళలో ఒక్క టీవీ ఉన్న రోజుల్లో, లేవనని కూర్చున్నది ఎవరు? ఎవరి కోసం? రాయండి. నేను వెక్కిరించను.