బీ షిఫ్టు వారం సీరియల్

శ్రీరామ్మూర్తి సీరియళ్లు చూస్తాడంటే స్టీల్ ప్లాంటులో మొదట ఎవరూ నమ్మలేదు. ముప్పై నాలుగేళ్లు కరిగిన ఉక్కు మీద క్రేన్ నడిపిన మనిషి, మామూలుగా మాట్లాడినా వీధి చివరికి వినబడే గొంతు. అలాంటివాడు సాయంత్రం ఏడున్నర అయ్యేసరికి తువ్వాలు పట్టుకుని టీవీ ముందు కూర్చుంటాడంటే ఎవరు మాత్రం నమ్ముతారు? కానీ కూర్చునేవాడు. పక్కన భార్య గౌరీశ్వరి. ఇద్దరిదీ ఒకటే సీరియల్, 'హైమ ఇల్లు'.

చిక్కల్లా బీ షిఫ్టు వారమే. మధ్యాహ్నం రెండు నుంచి రాత్రి పది దాకా డ్యూటీ. సీరియల్ వేళకి ఆయన క్రేన్ మీద ఉండేవాడు. అందుకని ఆ వారమంతా మర్నాడు పొద్దున గౌరీశ్వరి కత్తిపీట ముందేసుకుని వంకాయలు తరుగుతూ కథ చెప్పేది. అత్తగారి గొంతు అత్తగారికి, హైమ గొంతు హైమకి. ఆడపడుచు మూతి విరుపు కూడా వదిలేది కాదు. ఆయన చేతిలో టీ చల్లారిపోయేది. విన్నదంతా తీసుకెళ్లి క్యాంటీన్లో స్నేహితుడు కొండలరావుకి చెబితే గానీ ఆయనకి అన్నం సహించేది కాదు.

నిజానికి అందులో మొదటి రెండొందల ఎపిసోడ్లే సీరియల్. హైమ చనిపోయిన తండ్రి చొక్కాని ఇస్త్రీ చేసి, గుండీలన్నీ పెట్టి, బీరువాలో దాచే సీను ఒకటుంది. మాట లేదు, సంగీతం లేదు. శ్రీరామ్మూర్తి తువ్వాలు తడిసిపోయింది. ఆ తర్వాత ఎవరి బుద్ధి గడ్డి తిందో గానీ కథ నాశనమైపోయింది. హీరోకి మతిమరుపు. విలన్‌కి కవల తమ్ముడు. హైమకి రాత్రికి రాత్రి వేరే మొహం. ఒక్క తలుపు తెరుచుకోడానికి మూడు రోజులు పట్టేది. మధ్యలో ఓ నాలుగు నెలలు బాగుపడి ఆశ పెట్టి, మళ్లీ మొదటికొచ్చేది. అయినా ఈ ఇద్దరూ వదల్లేదు.

అంత చెత్త రోజుల్లోనే, ఓ బీ షిఫ్టు వారం, గౌరీశ్వరి మెట్ల సీను చెప్పింది. హైమ తల్లి పోయింది. ఆ కబురు మొగుడికే వచ్చింది. ఆఫీసులో పని ఆగిపోతుందని వాడు పెళ్లానికి చెప్పకుండా దాచి, ఆవిడ వడ్డించిన అన్నం తినేసి డ్యూటీకి వెళ్లిపోయాడు. రెండు రోజులాగి తీసుకెళ్లేసరికి దహనం కూడా అయిపోయింది. హైమ తిరిగొచ్చి మెట్ల మీద కూర్చుని మొగుణ్ని ఒక్కటే అడిగింది.

"మాయమ్మ పోయిందని తెలిసీ, నాను పెట్టిన అన్నం ఎలా తిన్నావ్?"

గౌరీశ్వరి అక్కడ చెయ్యి ఆపింది. "వాడేటి సెప్పాలంటారు?" అని ఆయన్నడిగింది.

శ్రీరామ్మూర్తి డ్యూటీ బూట్లు తుడుచుకుంటున్నాడు. "ఏటి సెప్తాడే? ఉద్యోగం అలాటిది. ఆకలేసింది, తిన్నాడు. దానికింత రాద్ధాంతమేటి?" అన్నాడు.

మర్నాడు ఆయన, తర్వాత ఏమైందని అడిగితే, "మీరన్నట్టే అన్నాడండి. ఆవిడ లేచి లోపలికెళ్లిపోయింది" అని చెప్పి వంకాయలు కడగడానికి వెళ్లింది.

ఆ రోజు క్యాంటీన్లో శ్రీరామ్మూర్తిని పట్టడం ఎవరి తరం కాలేదు. "సూసావా బావా, డైరెక్టరు ఏటి రాత్తాడో నాను ముందే సెప్పీసేను!" అని కాలరెగరేశాడు.

"హైమ తల్లి సచ్చిపోడమేటి బావా? మా ఇంటిది అలాటిదేటీ సెప్పలేదే" అన్నాడు కొండలరావు. మీ ఇంటిది సరిగ్గా చూడదు పొమ్మన్నాడు ఈయన. పై వారం ఆయనకి 'ఏ' షిఫ్టు, పొద్దుటి డ్యూటీ. టీవీలో హైమ తల్లి నిక్షేపంలా తిరుగుతూ కనబడితే గౌరీశ్వరి తడుముకోలేదు. "ఆవిడ పిన్నండీ. కవలలు" అంది. అప్పటికే అందులో కవలలకి లోటు లేదు కాబట్టి ఆయన నమ్మేశాడు.

గౌరీశ్వరి పోయి ఏడాదిన్నరైంది. గుండె నొప్పి అంది, ఆస్పత్రికి చేరేలోగా అయిపోయింది. శ్రీరామ్మూర్తి టీవీ పెట్టడం మానేశాడు. మధురవాడలో ఉద్యోగం చేసే కూతురు నీలిమ ఓ ఆదివారం కూర్మన్నపాలెంలో ఆయన ఇంటికొచ్చి, 'హైమ ఇల్లు' మొత్తం ఫోన్లో పెట్టేశారని చెప్పి చూపించింది. అప్పట్నుంచి ఆయనకి అదే పని. ఆయనకి కావాల్సింది మెట్ల సీను. గౌరీశ్వరి చెప్పినవాటన్నిటిలోకీ గొప్పది అదే. అది కనబడితే ఆవిడ గొంతు కాస్సేపు మళ్లీ వినబడుతుందని ఆశ. ఆ ఆశతోనే మతిమరుపులూ కవలలూ అన్నీ భరించాడు. ఒక్క ఎపిసోడ్ దాటెయ్యలేదు.

మెట్ల సీను రాలేదు. ఆరొందల నలభయ్యో ఎపిసోడ్, ఆఖరిది, హైమ కూతురి పెళ్లి. పందిట్లో హైమ తల్లి ఆకుపచ్చ పట్టుచీరలో కూర్చుని మనవరాలి మీద అక్షింతలు వేస్తోంది. పిన్నీ లేదు, కవలా లేదు. ఆ తల్లి ఆ సీరియల్లో చచ్చిపోనే లేదు.

ఆయన కొండలరావుకి ఫోన్ చేశాడు. "బావా, హైమ తల్లి పోలేదు."

"నాను ఆనాడే సెప్పాను గదా బావా! ఇన్నేళ్లకా?" అని నవ్వాడు కొండలరావు. శ్రీరామ్మూర్తి ఫోన్ పెట్టేశాడు.

నిజంగా పోయింది గౌరీశ్వరి తల్లి. పలాస దగ్గర పల్లెలో. ఆ కబురు ఆయన ఫోన్‌కే వచ్చింది. బీ షిఫ్టులో తన క్రేన్ ఎక్కడానికి ఇంకో మనిషి లేడు. చెబితే ఒక్కర్తే ఏడుస్తూ బస్సెక్కేస్తుంది, రెండు రోజులాగి ఆఫ్ రోజున తనే తీసుకెళదాం అనుకున్నాడు. గౌరీశ్వరికి తల్లి మొహం దక్కలేదు. ఆవిడ ఒక్క మాటా అడగలేదు కాబట్టి మర్చిపోయిందనుకున్నాడు. రెండేళ్ల తర్వాత, హైమ నోటితో, వంకాయలు తరుగుతూ అడిగింది. అడిగి, జవాబు కోసం కత్తిపీట మీద చెయ్యి ఆపి మరీ చూసింది. ఆయన బూట్లు తుడుచుకుంటూ జవాబిచ్చాడు. ఇచ్చి, ఆ జవాబునే ప్లాంటంతా గొప్పగా చెప్పుకున్నాడు. అది తల్చుకుంటే ఆయనకి తన మొహం తనే చూసుకోబుద్ధి కాలేదు.

ఆదివారం నీలిమ వచ్చి వండిపెట్టింది. ఆయన కంచం ముందు కూర్చుని అంతా చెప్పాడు. నీలిమ గరిటె కింద పెట్టింది.

"అమ్మమ్మ విషయం నాన్ననెప్పుడైనా అడిగావా అని నాను ఓసారి అమ్మని అడిగాను నాన్నా. అడిగానే, మీ నాన్న జవాబు సెప్పారు అంది. ఏటి సెప్పావో మాత్రం సెప్పలేదు."

శ్రీరామ్మూర్తి కంచం పక్కకి జరిపాడు. "ఆకలేసి తినలేదే, అమ్మా. అన్నం వొదిలేస్తే, ఏటయింది, ఎందుకు తినలేదని మీయమ్మ అడుగుతాది. మొహం సూసి కనిపెట్టేస్తాది. అందుకని తిన్నాను. ఒక్కో ముద్దా బలవంతంగా మింగేను. ప్లాంటు గేటు దగ్గర బస్సు దిగి అంతా కక్కేసేను."

నీలిమ ఆయన చెయ్యి పట్టుకుంది. "ఇది అమ్మకి సెప్పాల్సింది నాన్నా" అంది.