చప్పుడు చేయని కెమెరా

వీధిలో మనుషుల్ని వాళ్లకు తెలియకుండా ఫోటో తీయాలనేది నా పిచ్చి. నా పాత ఫిల్మ్ కెమెరా ఇటుకంత ఉండేది. నొక్కితే లోపల అద్దం లేచి ధడేల్మనేది. ఏలూరు బజారులో హాయిగా బేరమాడుతున్నవాళ్లు ఇటు తిరిగి, జుట్టు సర్దుకుని, కొయ్యబారిపోయేవారు. నాకు ఒళ్లు మండిపోయేది.

తాడేపల్లిగూడెంలో స్టూడియో మూసేసిన పెద్దాయన ఒకరు ఒకదాని మీద ఒకటిగా రెండు కటకాలుండే రెండు కళ్ల కెమెరా చూపించారు. ఫిల్మ్ నా పాతదాంట్లో వేసేంత పెద్దదే, చప్పుడు మాత్రం లేదు. పొట్ట దగ్గర పట్టుకుని, తల వంచి, పైనున్న గాజులోకి చూడాలి. "మీరు తీస్తున్నట్టు ఎవరికీ తెలీదండీ," అన్నారాయన. ఇంకేం కావాలి, కొనేశాను.

మొదటి రోలు సగం ఇంట్లోనే అయిపోయింది. కెమెరా చూస్తే మొహం ముడుచుకునే మా ఆవిడ, వంటింట్లో తనలో తను నవ్వుకుంటూ దొరికిపోయింది. ఆ ఒక్క బొమ్మ ఎప్పుడు చూస్తానా అని ప్రాణం కొట్టుకునేది. అయినా రోలు పూర్తికాకుండా కడిగించడమెందుకని, వారం వారం కొల్లేరు వెళ్లి ఒకటీ అరా తీస్తూ వచ్చాను.

ఆ రోజు చేపల చెరువు గట్టు మీద తల వంచి నిలబడ్డాను. గాజులో ఎడమవైపు నుంచి నలుగురు వస్తున్నారు. ఆ గాజులో కుడిఎడమలు తారుమారవుతాయి. తలెత్తేసరికి కుడిపక్కన, నా భుజం దగ్గరే ఉన్నారు.

"ఏవండీ, సర్వే వారాండీ?" అన్నాడు వాళ్లలో పెద్దవాడు.

కాదన్నాను.

"ముందొచ్చినోళ్లూ కాదనే అన్నారండీ. ఆ తర్వాతే గవర్నమెంటు మిషన్లొచ్చి మా గట్లు తవ్వేశాయండీ. ఏం తీశారో చూపించండి."

"ఫిల్మండీ ఇది. కడిగితే గానీ కనపడదు."

"అంటే చూపించరన్నమాటండీ."

అతను గొంతు పెంచలేదు. మా వైపు కోపం పెరిగేకొద్దీ అండీలు పెరుగుతాయి.

"ఎండ తగిలితే పోద్దంట కదండీ. తెరవండి. తర్వాత టీ తాగి వెళ్దురుగాని."

వెనక మూత తీసి, ఫిల్మంతా ఎండలోకి లాగాను. మా ఆవిడ నవ్వు అందులోనే ఉంది.

అన్నట్టే టీ ఇప్పించారు. గ్లాసు చేతికిస్తూ అతను మెల్లగా అన్నాడు.

"వట్లూరులో పచ్చ గేటు ఇల్లే కదండీ మీది? పొద్దున్న అమ్మగారు ముగ్గేస్తుంటే మావాళ్లు చూశారండీ. ఆవిడకి తెలీదు లెండి."