గుడ్డ కప్పిన మిషన్లు

ఈ ఉదయం బొమ్మనహళ్ళిలో బస్సు దిగితే రోడ్డంతా పగిలిన బూడిదగుమ్మడికాయలు, కుంకుమ మరకలు. ఆయుధ పూజ. ఆటోలకు అరటి పిలకలు, పంక్చర్ అంగడిలో గాలి పంపుకు కూడా బంతిపూల దండ. జారిపడకుండా అడుగులేస్తుంటే మా తమ్ముడి కూతురు చదివిన బడి గుర్తొచ్చింది.

ఆ బడిలో తొమ్మిదో తరగతి నుంచి కుట్టుపని ఒక పాఠం. ఎవరో దాతలు కరెంటు మిషన్లు ఇచ్చారు. వాటిని ఒక గదిలో వరుసగా పెట్టి, పాత చీరలు కప్పి, తాళం వేశారు. టీచరమ్మ నల్లబల్ల మీద మిషను బొమ్మ గీసేది. పిల్లలు బెంచీ కింద కాలు ఆడించి తొక్కడం నేర్చుకునేవాళ్ళు. పత్రికలో పనిచేసిన అలవాటుకొద్దీ వెళ్ళి అడిగితే హెడ్మాస్టరు గారు నొచ్చుకోలేదు. "పిల్లోళ్ళు ముట్టుకుంటే సూది ఇరుగుతుందప్పా. ఇన్‌స్పెక్షనోళ్ళు వచ్చినప్పుడు కొత్తగా ఉండాల కదా" అన్నారు. ఏడాదికొకసారి, దసరా సెలవులకు ముందు, తాళం తీసేవారు. పిల్లలు చెప్పులు విడిచి లోపలికెళ్ళి, మిషన్లకు కుంకుమ పెట్టి, తాకి కళ్ళకద్దుకుని, బొరుగులు తిని వచ్చేసేవాళ్ళు. ఏ చదువు చదవాలో, ఏ పని ఎంచుకోవాలో చెప్పడానికి ఒక సభ కూడా పెట్టారు. వచ్చినాయన, కళ్ళు మూసుకుని పదేళ్ళ తర్వాత మిమ్మల్ని మీరు ఊహించుకోండి అంటే వెనక వరుస హాయిగా నిద్రపోయింది. మా తమ్ముడి కూతురు మాత్రం మిషను ముందు కూర్చున్నట్టు ఊహించుకుందట.

పిల్ల అలా కూర్చోవడమే వాళ్ళమ్మ, మా మరదలి కోరిక కూడా. ఆమె గార్మెంట్స్ ఫ్యాక్టరీలో దారాలు కత్తిరించే హెల్పరు. పొద్దస్తమానం నిలబడే పని. "నా మోకాళ్ళు పోతే పోనీ బావా, పాప కూర్చోని పని చేయాల" అనేది.

పద్దెనిమిది నిండాక పిల్లను తన ఫ్యాక్టరీకే తీసుకెళ్ళింది. పరీక్షగా కుట్టి చూపించమని ఒక మిషను దగ్గరికి పంపారు. పిల్ల చెప్పులు విడిచి, మిషను తాకి కళ్ళకద్దుకుంది. "ఏమ్మా, పూజకొచ్చినావా, పనికొచ్చినావా?" అన్నాడు సూపర్‌వైజరు. వరుసంతా నవ్వింది. తొక్కగానే మోటారు గుర్రుమంది. పిల్ల ఉలిక్కిపడింది. గుడ్డ ముద్దయింది, సూది విరిగింది. బడివాళ్ళు ఇచ్చిన ‘ఎ’ గ్రేడు సర్టిఫికెట్టు పక్కనే ఉంది.

"నేర్చుకుంటాను సార్" అందట.

"నేర్పేదానికి ఇది బడి కాదమ్మా. మీ అమ్మ పక్కన నిలబడుకో."

మూడేళ్ళయింది. ఇవాళ ఫ్యాక్టరీ గేటు దగ్గర తల్లీకూతుళ్ళు ఇద్దరూ స్వీటు డబ్బాలతో ఎదురయ్యారు. అమ్మాయి తన చిన్న కత్తెర చూపించి నవ్వింది. "దీనికీ కుంకుమ పెట్టినారు పెదనాయనా."

మిషను మీద ఎప్పుడు కూర్చోబెడతారని అడిగాను. మరదలు రోడ్డుకేసి చూసింది. "దానికీ మోకాళ్ళ నొప్పులు మొదలైనాయి బావా."

బడిలో మిషన్లు ఇప్పటికీ కొత్తగానే ఉన్నాయట. గదికి తాళం ఉంది కదా, కాలం లోపలికి పోలేదు. బయట నిలబడ్డ పిల్లల మీదుగా నడిచిపోయింది.