బాలింత ఫోను అమ్మమ్మ చేతిలో

మా అక్క కూతురు కీర్తిప్రియ ఏ పని మొదలుపెట్టినా ముందు నా దగ్గరికి వచ్చి నాలుగు చీవాట్లు తిని వెళ్తుంది. చిన్నప్పుడు వ్యాసాలు రాసి తెచ్చేది, ఇప్పుడు ల్యాప్‌టాప్ తెస్తోంది, అంతే తేడా. నేను భీమవరంలో తెలుగు పాఠాలు చెప్పి చెప్పి రిటైరయ్యాను. రిటైరయినా ఎవరి రాతలోనైనా తప్పు కనిపెట్టకపోతే నాకు ఆ పూట అన్నం సయించదు.

ఈసారి తను తెచ్చింది ఒక యాప్. కాకినాడలో ఒక చిన్న కంపెనీలో పనిచేస్తుంది తను. కొత్తగా తల్లులైన ఆడపిల్లల్ని దిగులు కమ్ముకుంటే దాన్ని ఎలా గుర్తుపట్టాలో, ఎవరి దగ్గరికి వెళ్ళాలో నేర్పే చిన్న చిన్న పాఠాలట. తెరిచి చూస్తే మొదటి తెర మీదే "ప్రసవానంతర వ్యాకులత: ఒక పరిచయం" అని ఉంది.

"ఇది చదివితే లేని వ్యాకులత వస్తుందే తల్లీ," అన్నాను.

"అందుకే కదండీ పిన్నిగారూ మీ దగ్గరికి వచ్చింది. మీరు తిట్టండి, నేను మారుస్తాను," అంది. చెప్పినట్టే మార్చింది. మా పిల్లలో నాకు నచ్చే గుణం అదే. అరగంట అలుగుతుంది, ఆ తర్వాత పనిలో పడుతుంది.

ఈ ఆలోచన తనకి ఊరికే రాలేదు. తన కూతురు పుట్టినప్పుడు ఇల్లంతా చుట్టాలే. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ పిల్ల ముక్కు ఎవరి పోలికో, నుదురు ఎవరి పోలికో తేల్చే పనిలో ఉన్నారు. కన్నతల్లి ముఖం ఎలా ఉందో ఎవరూ చూడలేదు. స్నానాలగదిలో కుళాయి తిప్పుకుని ఏడ్చేదట. అది కనిపెట్టినవాడు మా అల్లుడు ఫణీంద్ర ఒక్కడే. రొయ్యల చెరువులు చూసుకునే మనిషి, మాటలు బహు తక్కువ. ఒకనాడు వచ్చి, ఎవరికీ ఏమీ చెప్పకుండా భార్యను కారెక్కించి డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్ళాడు. కొంత మందు, కొంత మాట, కొన్ని నెలల ఓపిక. మా పిల్ల మళ్ళీ మా పిల్లయింది.

"ఆయనలాంటి భర్త అందరికీ దొరకరు కదండీ. యాప్ అయితే అందరికీ దొరుకుతుంది," అంటుంది కీర్తిప్రియ. ఈ మెచ్చుకోలు అతని ఎదుట మాత్రం చచ్చినా అనదు.

పాఠాల్లో తెలుగు ఒక దారికి వచ్చాక, చదివే ఓపిక లేనివాళ్ళ కోసం గొంతు కూడా పెడదామంది. ముందు ఎవరో అమ్మాయి చేత చదివిస్తే తుఫాను హెచ్చరిక విన్నట్టు ఉంది. చివరికి నా గొంతే పెట్టారు. పిల్లల మీద అరిచి అరిచి బొంగురుపోయిన గొంతు అది. బాలింతలకి పనికొస్తుందా అంటే, "ఇంట్లో పెద్దావిడ మాట్లాడినట్టుంటుందండి," అంది. పొగిడిందో, వయసు గుర్తుచేసిందో నాకిప్పటికీ తెలీదు.

డెల్టాలో కొన్ని ఇళ్ళు ఎంచుకుని, బాలింతల ఫోన్లలో యాప్ పెట్టించింది. రోజుకో పాఠం, చివర కొన్ని ప్రశ్నలు. అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న సాయంత్రం వస్తుంది. "ఈ రోజు మనసెలా ఉందమ్మా?" అని నేనే అడుగుతాను. బాగుంది, ఫరవాలేదు, బాగోలేదు. ఏదో ఒకటి నొక్కాలి. అందరూ, అన్ని రోజులూ, "బాగుంది" నొక్కారు.

ఆఫీసులో చప్పట్లు కొట్టారట. కీర్తిప్రియ మాత్రం ముఖం మాడ్చుకుని నా దగ్గరికి వచ్చింది.

"పసిబిడ్డ ఉన్న ఇంట్లో ఒక్కరోజైనా చిరాకు పుట్టదాండీ? నాకు బాగున్న రోజుల్లో కూడా నేను 'బాగుంది' నొక్కి ఉండేదాన్ని కాదు. అందరికంటే ఈ దుర్గాశ్రీని చూడండి. పాఠాలన్నీ పూర్తి, ప్రశ్నలన్నీ కరెక్టు, మనసు రోజూ బ్రహ్మాండం. నాకెందుకో భయంగా ఉందండి."

దుర్గాశ్రీ మాకు పరాయిదేం కాదు. మొగల్తూరు దగ్గర ఉండే రత్నమాణిక్యం గారి అమ్మాయి. ఆవిడ నాకు వదిన వరస. తొలిచూలు కాబట్టి పిల్ల పుట్టింట్లోనే ఉంది, మగబిడ్డ. చూసొద్దాం పదమని ఇద్దరం బయల్దేరాం.

రత్నమాణిక్యం గారింట్లో మర్యాదలకి తట్టుకుని నిలబడటం కష్టం. కూర్చునేలోపు కాఫీ, కాఫీ తాగేలోపు జంతికలు, అవి నమిలేలోపు భోజనానికి ఉండిపొమ్మని బలవంతం. మూడో విడత మర్యాద మొదలయ్యే ముందు ఆవిడ బొడ్లోంచి ఫోను తీశారు.

"ఏమ్మా కీర్తీ, నాకు ఫస్టేనా వచ్చింది?"

"దేంట్లోనండీ?"

"మీ పరీక్షలోనండి. రోజూ సాయంత్రం దీపం పెట్టుకుని, కాళ్ళు కడుక్కుని మరీ రాస్తున్నాను. ఒక్కటీ తప్పు పోనివ్వలేదు."

కీర్తిప్రియ చేతిలో జంతిక చేతిలోనే ఉండిపోయింది. "మీరా రాస్తోంది? అది దుర్గాశ్రీ ఫోను కదండీ!"

"పచ్చి బాలింతండి! ఫోను చూస్తే కళ్ళు పోవూ? మా అత్తగారైతే నన్ను క్యాలెండరు కూడా చూడనిచ్చేవారు కాదు."

"చూడక్కర్లేదండి. పిన్నిగారి గొంతు వినిపిస్తుంది కదా."

"చెవుల్లో దూది పెట్టుకున్న పిల్లకి ఎలా వినబడుతుందమ్మా?" అన్నారావిడ, ఇంత చదువుకున్నదానివి ఆమాత్రం తెలీదా అన్నట్టు.

నేను నవ్వాపుకోలేక కాఫీ చీర మీద ఒలకబోసుకున్నాను. నెలల తరబడి ఒక్కొక్క మాటా దిద్దాం. గొంతు సవరించుకుని మళ్ళీ మళ్ళీ చదివాం. ఎవరికోసమయ్యా అంటే, చూడకూడని కళ్ళకీ, దూది కుక్కిన చెవులకీ! కీర్తిప్రియ పురిట్లో తన ఫోను లాక్కుని బీరువాలో పెట్టింది మా అక్కే. అయినా ఈ పిల్లకి ఆ సంగతి తట్టనేలేదు.

"మరి మనసెలా ఉందని అడిగితే?" అంది కీర్తిప్రియ.

"బాగుందని నొక్కుతున్నానండి. మీరు మాకు కావలసినవాళ్ళు. మీరంత ఆప్యాయంగా అడిగితే బాగోలేదని చెప్తామా? మర్యాద కాదు కదండీ."

లోపలికి వెళ్ళి పిల్లని చూశాం. గదినిండా సాంబ్రాణి వాసన. తలకి గుడ్డ కట్టుకుని దుర్గాశ్రీ గోడవైపు తిరిగి కూర్చుంది. పక్కనే బాబు గుక్కపట్టి ఏడుస్తుంటే, వీధిలో ఎవరో ఏడుస్తున్నట్టు ఊరుకుంది. ఎలా ఉన్నావమ్మా అని గట్టిగా అడిగాను. "బాగున్నానండి," అంది. అచ్చం వాళ్ళమ్మ ఫోనులో నొక్కినట్టే అంది. నా నవ్వు అక్కడికక్కడే పోయింది.

వసారాలోకి వచ్చాక కీర్తిప్రియ మెల్లగా డాక్టరు మాట ఎత్తింది. రత్నమాణిక్యం గారి ముఖం ముడుచుకుపోయింది.

"పిల్లకి ఏం లోటు చేశామని డాక్టరండీ? ఇంకా పిల్ల చేత నూతిలో చేద వేయించి నీళ్ళైనా తోడించలేదు. ఆ ముచ్చట తీరకుండా బాలింతని గడప దాటిస్తామా? పిల్లకి మతి చెడిందని ఊరంతా అనుకోవాలా?" అన్నారు. అని, మాకు అరటిపళ్ళ గెల ఒకటి కారులో పెట్టించారు. ఆ ఇంట్లో కోపం వచ్చినా పళ్ళు ఇచ్చే పంపుతారు.

దారిలో కీర్తిప్రియ ఏడ్చింది. ఏడుస్తూనే డాక్టరమ్మకి ఫోను చేసింది. ఆలస్యం చేయొద్దు, ఇంట్లోవాళ్ళని ఎలాగైనా ఒప్పించి తీసుకురండి అన్నారావిడ.

"నేను చెబితే రత్నమాణిక్యం గారు వినరు పిన్నిగారూ," అంది కళ్ళు తుడుచుకుని. "కానీ యాప్ చెప్పింది వింటారు. రోజూ దీపం పెట్టుకుని మరీ దానికి జవాబు చెప్తున్నారు కదా."

మర్నాడంతా మా ఇంట్లో ఇద్దరం పోట్లాడుకుంటూ కొత్త ప్రశ్నలు రాశాం. మనసెలా ఉందన్నది తీసి అవతల పారేశాం. ఫోను అమ్మమ్మ చేతిలోనే ఉంటుందని ఒప్పేసుకున్నాం. అయితే అమ్మమ్మనే అడుగుదామంది కీర్తిప్రియ. నొక్కడానికి "బాగుంది" అన్నదే ఉండకూడదు, చూసి చెప్పాల్సినవే ఉండాలంది. పాఠం కూడా ఆవిడకే చెప్పాం. నా బొంగురు గొంతుతోనే ఇలా చెప్పాను: "అమ్మమ్మగారూ, బాలింతకి ఒళ్ళు పచ్చిగా ఉన్నట్టే మనసూ పచ్చిగా ఉంటుంది. ఒంటికి మీరు కాయం మందు పెడుతున్నారు, పథ్యం చూస్తున్నారు. మనసుకి డాక్టరు కావలసి వస్తే, అది మీ పెంపకంలో లోటు కాదు." ఈ ఆఖరి మాట కోసం మేమిద్దరం పొద్దున్నుంచీ వాదించుకున్నాం. ఉంచాలని పట్టుబట్టింది కీర్తిప్రియే.

ఆ మరుసటి రోజు మధ్యాహ్నం రత్నమాణిక్యం గారి దగ్గర్నుంచి ఫోను. కీర్తిప్రియ స్పీకరు పెట్టింది.

"ఇదేం పరీక్షమ్మా?" ఆవిడ గొంతు నిండా కోపం. "పిల్లాడు పడుకున్నప్పుడు అమ్మాయి నిద్రపోయిందా అంటే, లేదని రాశాను. తనంతట తను మీతో ఏం మాట్లాడింది అంటే, ఏమీ లేదని రాశాను. చివరిసారి ఎప్పుడు నవ్వింది అని అడుగుతోంది. పొద్దుట్నుంచీ ఆలోచిస్తున్నానండి. వంట కూడా చేయలేదు."

కీర్తిప్రియ ఫోను నాకు దగ్గరగా జరిపింది.

"బాబు పుట్టాక నవ్వలేదమ్మా," అన్నారావిడ.

ఆ తర్వాత గొంతు సవరించుకుని, డాక్టరమ్మ ఎన్నింటిదాకా ఉంటారో కనుక్కోమన్నారు. భర్త విశ్వనాథరాజు గారు వెనకనుంచి, నూతి దగ్గర ముచ్చట ఇంకా కాలేదుగా అని ఏదో అనబోయారు. "కారు తీయించండి. నూయి ఎక్కడికీ పోదు," అన్నారావిడ. ఆ మాటకి నాకు ఆవిడ మీద ఎక్కడలేని గౌరవం పుట్టుకొచ్చింది.

తర్వాతి నెలలు మామూలుగానే గడిచాయి. దుర్గాశ్రీ మందులు వేసుకుంది, డాక్టరమ్మతో మాట్లాడింది. ఒక వారం బాగుండేది, ఒక వారం మళ్ళీ గోడవైపు తిరిగేది. కీర్తిప్రియ ఈలోపు మిగతా ఇళ్ళన్నిటికీ కొత్త పాఠాలు పెట్టించింది. ఈసారి జవాబులు రకరకాలుగా వచ్చాయి. ఆఫీసులో చప్పట్లు కొట్టలేదట గానీ, మరో ఇద్దరు అమ్మమ్మలు కూతుళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళారు.

మొన్న ఆదివారం కీర్తిప్రియ మా ఇంట్లో ఉండగా రత్నమాణిక్యం గారు మళ్ళీ ఫోను చేశారు. వెనక ఎవరో గట్టిగా అరుస్తున్నారు.

"ఏంటండీ ఆ గొడవ?" అని అడిగాను కంగారుగా.

"ఉండండి వదినగారూ, వినండి," అని ఆవిడ ఫోను అటు తిప్పినట్టున్నారు.

"అమ్మా! నీళ్ళు అంత వేడిగా పోస్తారా ఎవరైనా? చర్మం ఏమైపోవాలి? ఇటివ్వండి! ఇకమీదట నా కొడుక్కి నేనే పోసుకుంటాను, మీరెవరూ ముట్టుకోవద్దు!"

దుర్గాశ్రీ గొంతు. కీర్తిప్రియ నా చెయ్యి పట్టుకుంది.

"పొద్దున్నుంచీ ఇదే వరసండి," అన్నారు రత్నమాణిక్యం గారు. ఆవిడ ఏడుస్తున్నారు, దాచుకోవడం లేదు. "తిట్టనివ్వండి, ఎంతైనా తిట్టనివ్వండి. విన్నారా వదినగారూ? నా కొడుకు అంటోందండి."