మాలతి చేతి శంఖపు గాజు

మా చిన్నప్పుడు నేనన్న ఒక్క మాటకి రేపల్లెలో ఒక సంసారం వీధిన పడబోయింది... ఇన్నేళ్లుగా భజన మందిరాల్లో గొంతు చించుకుని ధర్మం చెబుతున్నాను గానీ, ఈ సంగతి మాత్రం ఎక్కడా నోరు విప్పలేదు. ఇవాళ చెబుతున్నాను.

తూర్పు బెంగాల్లో యుద్ధం జరుగుతున్న ఏడు. నాకు తొమ్మిదేళ్లు. అక్కడ ఇల్లు కాలిపోయి కట్టుబట్టలతో వచ్చిన ఒక జంటని మా నాన్న, హిందీ మాస్టారు, ఇంకో నలుగురు కలిసి మా ఊరికి తీసుకొచ్చారు. మిల్లు బాబాయి తన ధాన్యం గోదాములో ఓ మూల చోటిచ్చాడు. బట్టలు తెనాలి నుంచి రైల్లో వచ్చేవి. బియ్యం మాత్రం మా వీధిదే... ప్రతి గడపలో ఒక డబ్బా. పొద్దున్నే ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు అందులో వెయ్యాలి. సాయంత్రం అమ్మా నేనూ ఇల్లిల్లూ తిరిగి పోగు చేసేవాళ్లం.

ఆయన పేరు హరిపాద. మిల్లులో బస్తాలు మోసేవాడు. ఆవిడ మాలతి... ఏడో నెల. వాళ్ల మాట మాకు రాదు, మా మాట వాళ్లకి రాదు. ఏం చెప్పాలన్నా హిందీ మాస్టారే దిక్కు.

ఒకరోజు పొద్దున్న గోదాము నూతి దగ్గర మాలతి నీళ్లు పోసుకుంటుంటే అమ్మతో నేనూ ఉన్నాను. పాపిట్లో కుంకుమ ఉంది. మెడ మాత్రం బోసిగా ఉంది... ముంజేతికి తెల్లటి శంఖపు గాజు, దాని పక్కన ఇనప గాజు. ఒరిపిడికి మణికట్టు వాచి చీము పట్టింది. అమ్మ సబ్బు రాసి శంఖపు గాజు తియ్యబోయింది. ఆవిడ చెయ్యి లాక్కుని, వెనక్కి జరిగి, దూరంగా బస్తా మోస్తున్న మొగుణ్ణి చూపించి ఏడ్చింది. మాకేం అర్థం కాలేదు.

బడికి వెళుతూ నేనేం చేశానో వినండి. పంపు దగ్గర ఆడవాళ్లు కనిపించారు. పెద్ద ఆరిందాలా ఆగి, "మాలతమ్మ మెడలో తాళి లేదు, నేను చూశాను" అన్నాను. గాజు సంగతి చెప్పలేదు... అందులో రుచి లేదు మరి.

మధ్యాహ్నం అన్నానికి వచ్చేసరికి మా వీధిలో మూడు గడపల్లో డబ్బాలు బోర్లించి ఉన్నాయి.

గోదాము ముందు జనం. రిక్షా ఒకటి నిలబడి ఉంది. తాళి లేని కాపురానికి చోటిచ్చావని ఊరంతా నవ్వుతుంటే తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని మిల్లు బాబాయి మా నాన్నని నిలదీస్తున్నాడు. కుంకుమ ఎవరైనా పెట్టుకుంటారన్నాడు. సాయంత్రం బండికి పంపెయ్యమన్నాడు. నెలల మనిషిని ఎక్కడికి పంపేదని నాన్న అడిగితే, ఎక్కణ్ణుంచి తెచ్చావో అక్కడికే అన్నాడు. హిందీ మాస్టారేమో బట్టలు పోగు చెయ్యడానికి బాపట్ల వెళ్లాడు. వాళ్లనడిగి చెప్పే దిక్కు లేదు.

బాబాయి భార్య, మా పిన్ని, మంచిదే పాపం. గొడవెందుకని ఇంట్లోకెళ్లి పసుపుకొమ్ము కట్టిన తాడు తెచ్చి హరిపాద చేతిలో పెట్టింది. ఇక్కడే, అందరి ముందూ కట్టెయ్యమని సైగ చేసింది. నీడ పోకుండా ఉంటే చాలనుకున్నాడేమో, ఆయన తాడు పట్టుకుని ముందుకొచ్చాడు.

మాలతి వెనక్కి జరిగింది. తల అడ్డంగా ఊపింది.

"చూశారుగా. కట్టించుకోదంట," అన్నాడు బాబాయి.

రిక్షా అతను వాళ్ల మూట ఎత్తి సీటు మీద పెట్టాడు.

పొద్దున నూతి దగ్గర ఎలా వెనక్కి జరిగిందో, అచ్చం అలాగే జరిగింది ఆవిడ. చెబితే నాన్న వీపు చీరేస్తాడు. చెప్పకపోతే బండి వచ్చేస్తుంది.

"బాబాయ్, పంపు దగ్గర అన్నది నేనే. సగమే చెప్పాను. ఆవిడ చేతి గాజు తియ్యనివ్వదండి. పుండైనా తియ్యనివ్వదు. తియ్యబోతే ఆయన్ని చూపించి ఏడ్చింది."

గాజుకీ తాళికీ సంబంధం ఏంటే, నోర్ముయ్యమన్నారు ఎవరో.

ఇందాక పసుపుతాడు కనబడగానే తను ఎదురుండకూడదని గోడవారకి తప్పుకుంది మా నాయనమ్మ. తాతయ్య పోయి అప్పటికి నాలుగేళ్లు. ఆవిడ నెమ్మదిగా జనం మధ్యకి వచ్చింది. మాలతి చెయ్యి పట్టుకుని ఆ పుండు చూసింది.

"నా మెడలో తాడు తీసిన రోజు మీరంతా ఉన్నారు. ఎలా పట్టుకుని ఏడ్చానో చూశారు. చీము పట్టినా ఈ పిల్ల వదలంది అదేరా. మనకి మెడకి, వీళ్లకి చేతికి. ఇప్పుడింకో తాడు కట్టించుకుంటే ఇన్నాళ్ల కాపురం అబద్ధమని ఒప్పుకున్నట్టేగా?"

బాబాయి ఆ గాజు వైపు చూశాడు. తర్వాత రిక్షా వైపు తిరిగి, "మూట దించు," అన్నాడు. అంతే... తప్పయిందని మాత్రం అనలేదు.

కాంపౌండరు వచ్చి గాజు తియ్యకుండానే కట్టు కట్టాడు. మర్నాడు హిందీ మాస్టారు వచ్చి అడిగి చెప్పాడు... మొగుడు పోతేనే ఆ గాజు పగలగొడతారట. బోర్లించిన మూడు డబ్బాల్లో రెండు మళ్లీ లేచాయి. మూడోది మరి లేవలేదు. ఆ గోదాములోనే మాలతికి ఆడపిల్ల పుట్టింది. మొదటి నీళ్లు పోసింది మా నాయనమ్మే.

నన్నెవరూ కొట్టలేదు. ఆ పూట నాయనమ్మ నా కంచంలో సగమే అన్నం పెట్టింది. సగం మాట చెప్పినదానికి సగం కూడే అంది.

ఒళ్లో వాలిన పావురం కోసం తొడ కోసిచ్చిన రాజు కథ నేను చెబుతుంటే జనం కళ్లొత్తుకుంటారు. ప్రతివాడూ తనే ఆ రాజుననుకుంటాడు. అయ్యా, అమ్మా, ఆ పావురాన్ని తరిమిన డేగ ఎవరో ఎప్పుడైనా చూసుకున్నారా? నేను చూసుకున్నాను. శరణన్నవాళ్లని తరిమి ఎన్ని పూజలు చేస్తే ఏంటి... బూడిదలో పోసిన పన్నీరు.

ఇప్పుడు పంపు దాకా వెళ్లక్కర్లేదు. సగం మాట చేతిలో ఫోన్లోంచే వెళ్లిపోతోంది. గడపల్లో ఆ పిడికెడు డబ్బాలు లేవు, బోర్లించడానికైనా... గోడవార నుంచి లేచొచ్చే నాయనమ్మలు ఏరి?

వెళ్లిపోబోయి ఆగిన రిక్షా మీ వీధిలోనూ ఏదైనా ఉంటే కింద రాయండి... సగం మాత్రం రాయకండి.