ఆయమ్మ హస్తవాసి

ప్రసూతి ఆసుపత్రిలో ముప్పై ఒక్కేళ్లు ఆయాగా పనిచేసి రిటైరైన ఆవిడని వీధిలో అందరూ ఆయమ్మ అనే పిలిచేవారు. ఆవిడ పెళ్లి చేసుకోలేదు. పసిపిల్లల వార్డునే ఇల్లనుకుంది. నెలలు నిండకుండా పుట్టినవాళ్లని దూదిలో చుట్టి, చుక్క చుక్కగా పాలు పట్టి నిలబెట్టిన చేతులవి. "ఆయమ్మ హస్తవాసి మంచిది" అని పెద్ద డాక్టరే అనేవాడు. ఆ మాటని ఆవిడ పింఛను కాగితాలకన్నా భద్రంగా దాచుకుంది.

రెండు గదుల వాటాలో తమ్ముడితో కలిసి ఉండేది. తమ్ముడు కుళాయిలు బాగుచేస్తాడు. భార్య పోయాక అక్క దగ్గరికే వచ్చేశాడు. నోరు కాస్త ఎక్కువే గాని మనసు వెన్న.

కింది వాటాలో ఉండే ఫొటోగ్రాఫర్ ఇల్లు ఖాళీ చేసే రోజున ఒక బూడిదరంగు కుందేలుని బుట్టలో పెట్టుకుని పైకి వచ్చాడు.

"కొత్త ఇంటివాళ్లు జంతువులు వద్దంటున్నారు పిన్నిగారూ. మీరైతే బాగా చూసుకుంటారు. మగది, ఏ గొడవా ఉండదు."

"మగదైతే ఈ పొట్టేమిటి?" అన్నాడు తమ్ముడు.

"తిండిపుష్టి" అని నవ్వి, బుట్ట దించి వెళ్లిపోయాడు ఫొటోగ్రాఫర్.

తమ్ముడు దాన్ని ఎగాదిగా చూశాడు. "పనీ పాటా లేదు, తిని పడుకుంటాడు. ఇన్నాళ్లకి నాకో బావ దొరికాడక్కా" అన్నాడు. ఆయమ్మ గరిటె ఎత్తింది. కానీ బావగారన్న పేరు మాత్రం దానికి ఉండిపోయింది.

మూడు వారాలు గడిచాయి. ఒక పొద్దున బావగారు ఛాతీ మీది బొచ్చు నోటితో పీక్కుంటూ కనిపించాడు. ఆయమ్మ గజ్జి అనుకుని మందు పూసింది. మర్నాడు వంటింటి మూలనున్న పాతబట్టల అట్టపెట్టెలో ఏదో మెదిలింది. పైనున్న బొచ్చుని వేలితో తొలగించి చూసి, అక్కడే చతికిలబడింది. ఆరు పిల్లలు. వేలెడేసి ఉన్నాయి. కళ్లు తెరవలేదు, ఒంటిమీద వెంట్రుక లేదు.

"ఒరేయ్, ఇలా రా! మీ బావ కన్నాడ్రా!"

ఇద్దరూ కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వారు. తమ్ముడు పనికి వెళ్తూ వెళ్తూ కనిపించినవాళ్లందరికీ చెప్పి మరీ వెళ్లాడు.

ఆ నవ్వు సాయంత్రానికల్లా ఆరిపోయింది. పొద్దుటినుంచీ తల్లి ఒక్కసారి కూడా పెట్టె దరికి పోలేదు. అవతలి గోడవార కాళ్లు చాపుకుని ఆకులు నములుతూ కూర్చుంది. పిల్లల పొట్టమీద, పల్చటి చర్మం కింద, తెల్లటి మచ్చ ఒకటి కనబడుతోంది. ఉబ్బరం అనుకుంది ఆయమ్మ. తల్లిని ఎత్తి పెట్టెలో కూర్చోబెడితే, అది పిల్లల్ని తొక్కుకుంటూ బయటికి దూకేసింది.

"దీనికి పేగు కదలడం లేదురా. ఇలాంటి తల్లుల్ని నేను చాలామందిని చూశాను" అంది.

"జంతువు కదక్కా, దాని తిప్పలేవో అదే పడుతుందేమో."

"నాకు చెప్పకు. ఇది నా పని."

పెట్టెని ముందు గదిలోకి మార్చి తలుపు మూసింది. ఆవుపాలలో నీళ్లు కలిపి, గోరువెచ్చగా చేసి, ఒక్కో పిల్లనీ అరచేతిలో వెల్లకిలా పడుకోబెట్టి, ఇంకు ఫిల్లరుతో చుక్కలు వేసింది. వార్డులో చేసినట్టే, రెండు గంటలకోసారి. పిల్లలు తుమ్మాయి. ముక్కులోంచి పాలు బయటికి వచ్చాయి. తుడిచి మళ్లీ పట్టింది.

తెల్లారుతూనే తల్లికుందేలు ఆ గది తలుపుని గోళ్లతో గీకడం మొదలుపెట్టింది. చాలాసేపు గీకింది.

"ఇప్పుడొచ్చిందా ప్రేమ? నీ ఆకులు అక్కడే ఉన్నాయి, పోయి తిను" అని లోపలినుంచే కసిరింది ఆయమ్మ.

రెండో రోజు ఒకటి పోయింది. మూడో రోజు మధ్యాహ్నానికి ఇంకో మూడు. పోయిన ప్రతిదాన్నీ తెల్లగుడ్డలో చుట్టి తమ్ముడి చేతికిచ్చింది. నాలుగోదాన్ని ఇచ్చినప్పుడు వాడు గుమ్మంలో నిలబడిపోయాడు.

"అక్కా, డాక్టరుకి చూపిద్దామే."

మిగిలిన రెండింటినీ కొంగులో చుట్టుకుని ఆవిడ పశువుల ఆసుపత్రికి వెళ్లింది. అక్కడున్న డాక్టరమ్మకి ముప్పై ఏళ్లు కూడా ఉండవు. పిల్లల్ని తిప్పి చూసింది.

"తల్లి పాలివ్వడం లేదని ఎలా అనుకున్నారమ్మా?"

"రోజంతా కనిపెట్టుకుని చూశాను కదా."

"రోజంతా ఇవ్వదు. తెల్లారగట్ట ఒకసారి, మహా అయితే ఇంకోసారి ఇస్తుంది. ఐదు నిమిషాల పని. మిగతా పొద్దంతా దూరంగానే ఉంటుంది. పిల్లలు ఎక్కడున్నాయో ఇంకో జంతువుకి తెలియకూడదని."

ఆయమ్మ పిల్లల పొట్టవైపు వేలు చూపించింది. "మొదటిరోజు పొట్టమీద తెల్లగా మచ్చ ఉండేది..."

"పాలేనమ్మా అవి. కడుపు నిండా తాగాయన్నమాట." డాక్టరమ్మ ఆగి అడిగింది. "మీరు పాలు ఎలా పట్టారు?"

ఆయమ్మ అరచేయి చాపి చూపించింది.

"వెల్లకిలా పడుకోబెడితే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పోన్లెండి, తెలియక చేశారు."

ముప్పై ఒక్కేళ్లలో ఆవిడని ఆ మాట అన్నవాళ్లు లేరు.

ఇంటికి వచ్చి పెట్టెని వంటింట్లో ఎప్పటి చోటే పెట్టేసింది. తెల్లారగట్ట తలుపు సందులోంచి చూసింది. తల్లి చెవులు నిక్కించి, ఒక్క గెంతులో పెట్టెలోకి దిగి, పిల్లల మీద కదలకుండా నిలబడింది. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు. తర్వాత వెనక్కి చూడకుండా వెళ్లిపోయింది. ఆయమ్మ నోట్లో కొంగు కుక్కుకుని ఏడ్చింది.

రెండింటిలో ఒకటి ఆ రోజే పోయింది. ఇంకోటి బతికింది. పదకొండో రోజున కళ్లు తెరిచింది.

"చూశావా, ఒకటన్నా దక్కింది" అన్నాడు తమ్ముడు.

"ఆరూ దక్కేవిరా. నేను ఊరుకునుంటే ఆరూ దక్కేవి."

ఆవిడ దాన్ని ముట్టుకోలేదు. ఆకులు వేయడం, పెట్టె శుభ్రం చేయడం అన్నీ తమ్ముడివే అయ్యాయి. పగలంతా ఆవిడ మెట్లమీద కూర్చునేది. ఎప్పుడో మర్చిపోయిన ముఖమొకటి కళ్లముందుకు వచ్చేది. తొలికాన్పు పిల్ల, ఇరవై ఏళ్లుంటాయేమో. వార్డు తలుపు పట్టుకుని, "ఒక్కసారి నా దగ్గర పడుకోబెట్టండమ్మా" అని బతిమాలింది. "నీకు పాలు లేవు, పసిదాన్ని విసిగించకు" అని ఆయమ్మ తలుపు వేసేసింది. బిడ్డ మూడో రోజు పోయింది. బలం లేని బిడ్డ అని రాసుకున్నారు. నిజంగా బలం లేకే పోయిందా? ఇప్పుడు ఎవర్ని అడగాలి? పెద్ద డాక్టరు పోయి చాలా ఏళ్లయింది. ఆ పిల్ల పేరు కూడా ఆవిడకి గుర్తులేదు. అలాంటి తలుపులు ఇంకెన్ని వేసిందో కూడా గుర్తులేదు.

ఎదురింటావిడ నెల నిండని మనవణ్ణి తీసుకొచ్చింది. "మీ చేత్తో ఒక్కసారి ఎత్తుకోండి. మా కోడలు పొద్దుటినుంచీ ఒకటే గోల."

"జలుబు చేసింది. ఇంకోసారి వస్తాలే" అని ఆయమ్మ చేతులు కొంగులో దాచుకుంది.

ఆవిడ చిన్నబుచ్చుకుని వెళ్లాక తమ్ముడు అడిగాడు. "నీకు జలుబెక్కడే?"

ఆయమ్మ లేచి లోపలికి వెళ్లిపోయింది.

కుందేలుపిల్ల తల్లిపాలు మానేశాక రెండింటినీ డాక్టరమ్మకే ఇచ్చేసింది. "ఉంచుకోండమ్మా, ఇంక భయం లేదుగా" అని ఆమె నచ్చజెప్పబోయింది. ఆయమ్మ తల అడ్డంగా ఊపి, ఖాళీ బుట్ట పట్టుకుని నడిచి వచ్చేసింది.

ఆ పూట పొయ్యి తమ్ముడే వెలిగించాడు. ఏవో రెండు జోకులు వేశాడు, ఆవిడ వినలేదు. రెండు ముద్దలు తిని, కంచం జరిపేసి, గోడవైపు తిరిగి పడుకుంది.